హెప్టేన్-1,6-డయాల్‌ని ఆక్సీకరిస్తే పేరులో నంబర్లు ఎందుకు తిరగబడ్డాయి?

అరుగుబడి (ముక్తేశ్వరం దగ్గర) అడిగిన ప్రశ్న

నమస్కారమండీ. బీయస్సీ అయిన ఎనిమిదేళ్ళకి మళ్ళీ కెమిస్ట్రీ పుస్తకం పట్టాను. సాయంత్రం ఆరింటికి మా ఇంటి అరుగు మీద ఇంటర్ సెకండియర్ పిల్లలు తొమ్మిది మంది కూర్చుంటారు. అందులో ఐదుగురు పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇద్దరు కోటిపల్లి వైపు కాలేజీలో చదువుతారు, పంటు దిగి పుస్తకాల సంచీతో నేరుగా అరుగు మీదికే వచ్చేస్తారు.

మొన్న వాళ్ళలో ఒకమ్మాయికి కాలేజీలో వారం పరీక్ష పెట్టారు. ప్రశ్న ఇది: హెప్టేన్-1,6-డయాల్‌లో సెకండరీ ఓహెచ్ ఒక్కటే ఆక్సీకరణం చెందితే వచ్చే పదార్థం పేరు రాయండి. (ఇది ఏడు కార్బన్ల గొలుసు. చివరన ఒకటో కార్బన్ మీద ఒక ఓహెచ్, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జత, అది ప్రైమరీ. ఆరో కార్బన్ మీద ఇంకో ఓహెచ్, అది సెకండరీ.) ఈ పిల్ల 1-హైడ్రాక్సీహెప్టన్-6-ఓన్ అని రాసింది. సున్నా. కీలో ఉన్నది 7-హైడ్రాక్సీహెప్టన్-2-ఓన్. దాని కింద ఇంకో బిట్టు: రెండు ఓహెచ్‌లనూ ఆమ్లీకృత డైక్రోమేట్‌తో ఆక్సీకరిస్తే? అప్పటికే మొదటి బిట్టు కీ చూసిన పక్కపిల్ల చెప్పిందట, ‘నంబర్లు అటునుంచి వెయ్యాలి’ అని. సరే అని ఇది 2-ఆక్సోహెప్టన్-7-ఓయిక్ ఆమ్లం అని రాసింది. మళ్ళీ సున్నా. కీలో 6-ఆక్సోహెప్టనోయిక్ ఆమ్లం. ఎందుకని అడిగితే అక్కడ ‘కీ చూసి దిద్దుకో’ అన్నారట, అంతే.

కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. “టీచర్ గారండీ, కార్బన్లు అవే కదండీ, కదల్లేదు కదండీ. మరి నంబర్లు ఎవరు మార్చేరండీ?” అంది. నాకు రూలు తెలుసు, కానీ ఆ పిల్ల కళ్ళలోకి చూసి చెప్పేంత తేటగా తెలియదు. రేపు చెప్తానన్నాను. ఆ రేపు రెండుసార్లు అయిపోయింది.

ఇంకో సంగతి. అదే అమ్మాయి నోట్సు తిరగేస్తుంటే ఒక లైను కనపడింది: “ఇథనాల్‌ను ఆక్సీకరణం చేయగా ఇథనాల్ ఏర్పడును.” తప్పు రాసిందని కొట్టేయబోయి ఆగిపోయాను. ఒకటి ఆల్కహాలు, ఇంకోటి ఆల్డిహైడు. మన లిపిలో రెండూ ఒకటే అయిపోయాయి. ఆ లైను పదిసార్లు చదివినా పిల్లకి ఏం అర్థమవుతుంది చెప్పండి? డయాల్ అన్నా అంతే, రెండు ఓహెచ్‌లా, రెండు ఆల్డిహైడ్‌లా తెలియదు.

ఈ రెండూ ఎలా చెప్పాలి? ఎల్లుండి క్లాసు. ఎవరైనా కాస్త ఓపిగ్గా రాస్తే మేలు మర్చిపోనండీ.

కాకినాడ_బీటెక్

అక్కా, ఎంసెట్‌కి మాకు చెప్పిన షార్ట్‌కట్ ఇది. ఇంగ్లీషు పేరు చివర తోక మార్చడమే. ప్రైమరీ ఆల్కహాల్ అయితే ఓఎల్ తీసేసి ఏఎల్, ఇంకా ఆక్సీకరిస్తే ఓయిక్ ఆమ్లం. సెకండరీ అయితే ఓఎల్ తీసేసి ఓన్. టెర్షరీ అయితే చర్య లేదు. పీసీసీ (పిరిడినియం క్లోరోక్రోమేట్) ఇస్తే ఆల్డిహైడ్ దగ్గర ఆపు, డైక్రోమేట్ గానీ పర్మాంగనేట్ గానీ ఇస్తే ఆమ్లం దాకా వెళ్ళు. నాకు ఈ చాప్టర్లో ఒక్క బిట్టు కూడా పోలేదు.

అరుగుబడి

థాంక్స్ తమ్ముడూ. కానీ మా పిల్ల చేసింది సరిగ్గా అదే. తోక మార్చింది. 1,6 అలాగే ఉంచేసి 6 దగ్గర ఓన్ పెట్టింది. ఒక్క ఓహెచ్ ఉంటే సరిపోయేదేమో, రెండుండేసరికి షార్ట్‌కట్టే ముంచింది.

పాతల్యాబు (అమలాపురం)

అమ్మా, 31 ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఈ పాఠమే చెప్పి రిటైరయ్యాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్న చాలా మంచిది. నా సర్వీసులో అంత సూటిగా అడిగినవాళ్ళు నలుగురైదుగురే. కార్బన్లు కదల్లేదన్న మాట నిజం. దాన్ని తప్పనకండి. దాన్నుంచే పాఠం మొదలుపెట్టండి.

ముందు రాత సంగతి తేల్చేద్దాం. నేను బోర్డు మీద ఆల్కహాల్‌కి ‘ఓల్’ అనీ, ఆల్డిహైడ్‌కి ‘ఏల్’ అనీ రాసేవాణ్ణి. ఇథనోల్, ఇథనేల్. హెప్టేన్‌డయోల్, హెప్టేన్‌డయేల్. పేపర్లో ఇథనాల్ ఫ్యాక్టరీ అని చదివినప్పుడు అది ఓల్ అని వాళ్ళకి ఒకసారి చెప్తే చాలు. పరీక్ష ఇంగ్లీషులో రాసే పిల్లలైనా తలలో అనుకునేది తెలుగు ఉచ్చారణలోనే, అందుకని నోటితో కూడా ఓల్, ఏల్ అని తేడాగా పలికించండి. మీరు కొట్టేయకుండా ఆగిన ఆ లైనులో పిల్ల తప్పు లేదు. ఇక్కణ్ణుంచి నేనూ అలాగే రాస్తాను.

ఇక కెమిస్ట్రీ. తోక మార్చే ముందు ఒక్క కార్బన్‌ని చూడమనండి, ఓహెచ్‌ని పట్టుకున్న కార్బన్‌ని. దాని మీద హైడ్రోజన్లు ఎన్ని ఉన్నాయి? ఆక్సీకరణం అంటే ఇక్కడ ఓహెచ్ మీది హైడ్రోజన్ ఒకటి, ఆ కార్బన్ మీది హైడ్రోజన్ ఒకటి పోయి, కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య జంట బంధం రావడం. ఆల్డిహైడ్ అన్న మాటే అది చెప్తుంది. 1835లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆ పేరు పెట్టినప్పుడు, హైడ్రోజన్ పోగొట్టుకున్న ఆల్కహాల్ అనే అర్థం వచ్చే లాటిన్ మాటల్ని కుదించి ఆల్డిహైడ్ అన్నాడు. పిల్లలకి ఇది చెప్తే మళ్ళీ బట్టీ పట్టక్కర్లేదు.

ఆ కార్బన్ మీద రెండు హైడ్రోజన్లుంటే (అది ప్రైమరీ) ఒకటి పోయాక ఇంకొకటి మిగులుతుంది. అది ఆల్డిహైడ్. మిగిలిన ఆ ఒక్కటీ కూడా పోగలదు కాబట్టి ఆల్డిహైడ్ ఆమ్లం దాకా పోతుంది. ఒక్క హైడ్రోజనే ఉంటే (అది సెకండరీ) అది పోయాక ఏమీ మిగలదు. కీటోన్ అక్కడే ఆగిపోతుంది. అసలు లేకపోతే పోవడానికే ఏమీ లేదు, 2-మిథైల్‌ప్రొపన్-2-ఓల్ లాంటి టెర్షరీ ఆల్కహాల్ మామూలు పరిస్థితుల్లో కదలదు. మరీ గట్టిగా వేడి చేసి ఆక్సీకరిస్తే గొలుసే తెగుతుంది, అది వేరే కథ. మిథనోల్ ఒక్కటే ప్రత్యేకం. దాని కార్బన్ మీద మూడు హైడ్రోజన్లు. మిథనేల్ అయ్యి, మిథనోయిక్ ఆమ్లం అయ్యి, అప్పటికీ ఒక హైడ్రోజన్ మిగిలి ఉంటుంది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ దాకా పోగలదు.

మా కాలేజీ ల్యాబులో ప్రతి ఏడూ ఒక పరీక్షనాళిక చేసి చూపించేవాణ్ణి. పొటాషియం డైక్రోమేట్ ద్రావణం, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం, నాలుగు చుక్కల ఇథనోల్. కాస్త వెచ్చబెట్టగానే బత్తాయి తొక్క పండినట్టుండే నారింజ రంగు ముందు మట్టిరంగులోకి తిరిగి, తర్వాత ముదురు ఆకుపచ్చ అవుతుంది. క్రోమియం తన స్థితి మార్చుకుంది. అప్పుడు నాళిక మూతి మీదుగా చేత్తో గాలి ముక్కువైపు విసురుకుంటే పచ్చి యాపిల్ కోసినట్టు ఒక వాసన వచ్చి ముక్కులో గుచ్చుతుంది. అది ఇథనేల్. దాని మరిగే ఉష్ణోగ్రత 21 డిగ్రీల దగ్గర. సంక్రాంతి నాడు కూడా మన దగ్గర మధ్యాహ్నం అంతకంటే వేడిగా ఉంటుంది, అందుకే అది నాళికలో నిలవదు, ఎగిరొచ్చేస్తుంది. ఇథనోల్ 78 దగ్గర, ఇథనోయిక్ ఆమ్లం 118 దగ్గర మరుగుతాయి. కాబట్టి ఆల్డిహైడ్ కావాలంటే పుట్టింది పుట్టినట్టు స్వేదనంతో బయటికి లాగేయాలి. అందులోనే ఉంచి మరిగిస్తే యాపిల్ వాసన పోయి వెనిగర్ వాసన వస్తుంది. ఇది ఇంటి దగ్గర చేయించొద్దమ్మా. డైక్రోమేట్ విషం, క్యాన్సర్ తెచ్చే పదార్థం. వాసన గురించి చెప్పండి చాలు.

పీసీసీ ఆల్డిహైడ్ దగ్గర ఎందుకు ఆగుతుందో కూడా చెప్పండి, పిల్లలు అడుగుతారు. నీళ్ళున్నచోట ఆల్డిహైడ్ ఒక నీటి అణువుని కలుపుకుని ఒకే కార్బన్ మీద రెండు ఓహెచ్‌లున్న రూపానికి మారుతుంది. దాని మీద ఇంకా ఒక హైడ్రోజన్ ఉంటుంది, ఆక్సీకరణి దాన్ని కూడా లాగేస్తుంది, ఆమ్లం వస్తుంది. పీసీసీని నీళ్ళు లేని డైక్లోరోమీథేన్‌లో వాడతారు. నీళ్ళు లేవు కాబట్టి ఆ రూపం రాదు. కోరీ, సగ్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1975లో దీన్ని ప్రచురించారు. జంట బంధం ఉన్న ఆల్కహాల్‌కి కూడా ఇదే మంచిది: బ్యూట్-2-ఈన్-1-ఓల్‌ని పీసీసీతో చేస్తే బ్యూట్-2-ఈనేల్ వస్తుంది. పర్మాంగనేట్ అయితే జంట బంధం మీద కూడా పడుతుంది.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకి వస్తాను. కార్బన్లు అవే. కానీ ఒకటో నంబరు ఎక్కణ్ణుంచి మొదలవ్వాలన్నది కార్బన్లు నిర్ణయించవు, అణువులో ఉన్న సమూహాల్లో పెద్ద ఎవరన్నది నిర్ణయిస్తుంది. మీ పిల్లలు పంటు ఎక్కేవాళ్ళే కాబట్టి ఇలా చెప్పండి. ఏడు కార్బన్ల గొలుసు గోదారి అనుకోండి, ఒక ఒడ్డు కోటిపల్లి, ఇంకో ఒడ్డు ముక్తేశ్వరం. ముక్తేశ్వరం ఒడ్డు మీదే ప్రైమరీ ఓహెచ్ ఉంది. కోటిపల్లి ఒడ్డు నుంచి రెండో కార్బన్ మీద సెకండరీ ఓహెచ్ ఉంది. పెద్దవాళ్ళు ఏ ఒడ్డుకి దగ్గరగా ఉంటే లెక్క ఆ ఒడ్డు నుంచి.

మొదట ఇద్దరూ ఓహెచ్‌లే, సమానం. ముక్తేశ్వరం నుంచి లెక్కపెడితే 1,6. కోటిపల్లి నుంచి అయితే 2,7. చిన్న నంబర్లు కావాలి కాబట్టి ముక్తేశ్వరం నుంచి. హెప్టేన్-1,6-డయోల్.

సెకండరీది మాత్రమే కీటోన్ అయింది. కీటోన్ ఓహెచ్ కంటే పెద్ద. అది కోటిపల్లికి దగ్గర. లెక్క అటు మారింది. కీటోన్‌కి 2. ఓహెచ్ చిన్నది కాబట్టి తోకలో చోటు పోయి, హైడ్రాక్సీ అని పేరు ముందుకి వచ్చి కూర్చుంది, దాని నంబరు 7. అలా 7-హైడ్రాక్సీహెప్టన్-2-ఓన్. (ప్రైమరీని వదిలి సెకండరీని మాత్రమే ఎలా ఆక్సీకరిస్తారని తెలివైన పిల్ల అడుగుతుంది. ఎసిటిక్ ఆమ్లంలో సోడియం హైపోక్లోరైట్ వాడితే సెకండరీ ముందు పోతుంది.)

రెండూ ఆక్సీకరణం చెందితే ముక్తేశ్వరం ఒడ్డున ఆమ్లం వచ్చింది. ఆమ్లం అందరికంటే పెద్ద. లెక్క మళ్ళీ ఇటు వచ్చేసింది. ఆమ్లం కార్బన్ ఎప్పుడూ గొలుసు చివరే ఉంటుంది, ఎప్పుడూ 1 అవుతుంది, అందుకే ఆ 1 రాయం. కీటోన్ ఇప్పుడు చిన్నది, ఆక్సో అని ముందుకొస్తుంది, నంబరు 6. అలా 6-ఆక్సోహెప్టనోయిక్ ఆమ్లం. పీసీసీ సరిపడా వేస్తే 6-ఆక్సోహెప్టనేల్. ఆమ్లం, దాని తర్వాత ఆల్డిహైడ్, కీటోన్, ఆల్కహాల్, వాటి తర్వాత జంట బంధం. ఈ వరస ఒక్కటి నోటికొస్తే చాలు.

పక్కపిల్ల ‘అటునుంచి వెయ్యాలి’ అని ఒక బిట్టుకి పనికొచ్చే మాట చెప్పింది, రెండో బిట్టుకి అదే తప్పయింది. ఆక్సీకరణం అయ్యాక పాత పేరు కాగితం మీదే ఉండకూడదు. అణువు బొమ్మ వేసి, పాత పేరు కొట్టేసి, ఈ అణువుని ఎప్పుడూ చూడనట్టు కొత్తగా పేరు పెట్టమనండి. కాకినాడ బాబు చెప్పింది ఒక్క ఓహెచ్ ఉన్నంతవరకు నడుస్తుంది, అతన్ని తప్పుపట్టను.

ఇంకొకటి, ఇది మన భాషవాళ్ళకి సులువుగా ఎక్కుతుంది. హెప్టేన్-1,6-డయోల్‌లో హెప్టేన్ అలాగే ఉంది, హెప్టన్-2-ఓన్‌లో ‘హెప్టన్’ అయింది. ఎందుకు? ఇంగ్లీషులో హెప్టేన్ చివర ఒక అచ్చు అక్షరం ఉంది. వెనక ఓల్, ఏల్, ఓన్, ఓయిక్ లాంటి అచ్చుతో మొదలయ్యే తోక వస్తే అది లోపిస్తుంది. డయోల్, డయోయిక్ హల్లుతో మొదలవుతాయి కాబట్టి ఉండిపోతుంది. మధ్యలో నంబరు ఉన్నా లెక్క మారదు. వాడు, ఎవడు కలిస్తే వాడెవడు అయినట్టే. పదో తరగతిలో ఉత్వ సంధి చదివిన పిల్లకి ఇది కొత్త రూలు కాదు.

పాత పుస్తకాల్లో 2-హెప్టనోన్ అని కనపడితే కంగారు పడొద్దు, హెప్టన్-2-ఓన్ అదే. నంబరుని తోక పక్కనే పెట్టే పద్ధతి తర్వాత వచ్చింది.

మడ్డిట్యాంకు (తణుకు)

మాస్టారూ, నమస్కారం. నేను ఒక డిస్టిలరీ ల్యాబులో పని చేస్తున్నాను. చెరకు మడ్డి పులియబెట్టి స్పిరిట్ తీస్తాం. టీచర్ గారు పిల్లలకి ఒక మాట కలిపి చెప్పాలని నా కోరిక. ఇథనేల్ అనే పేరు మా దగ్గర ఏ రిపోర్టులోనూ ఉండదు, ఎసిటాల్డిహైడ్ అనే ఉంటుంది. డ్రమ్ముల మీద ఎసిటోన్, ఎసిటిక్ ఆమ్లం, అంతే. ఎసిటోన్‌ని ప్రొపనోన్ అని రాస్తే స్టోర్‌లో ఇచ్చేవాడికి అర్థం కాదు. పాత పేర్లు పదార్థం ఎక్కడ దొరికిందో చెప్తాయి. ఎసిటిక్ అంటే లాటిన్‌లో వెనిగర్ మాట, ఫార్మిక్ అంటే చీమ మాట, బ్యూటిరిక్ అంటే వెన్న మాట. కొత్త పేర్లు అణువు ఎలా ఉందో చెప్తాయి. ఉద్యోగంలో రెండూ కావాలి.

మా స్వేదనం చేసే కాలమ్‌లో ఇథనోల్ కంటే ముందే ఆల్డిహైడ్ పైకి వచ్చేస్తుంది, ఆ భాగాన్ని విడిగా తీసేస్తాం. మాస్టారు చెప్పిన 21, 78 తేడా మేము రోజూ చూసేదే.

మిథనోల్ సంగతి మాత్రం తప్పకుండా చెప్పండమ్మా. కల్తీ సారా తాగి చూపు పోయినవాళ్ళ గురించి పిల్లలు వినే ఉంటారు. మిథనోల్ కాలేయంలో మిథనేల్ అయ్యి, దాన్నుంచి మిథనోయిక్ ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లమే కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. పరీక్షలో తోక మార్చినంత తేలిగ్గా ఒంట్లో జరిగిపోతుంది అది.

అరుగుబడి

మాస్టారూ, తణుకు అన్నయ్యా, ఇద్దరికీ దణ్ణం. నిన్న క్లాసు అయింది. అరుగు మీద సుద్దతో గోదారి గీసి, అటు కోటిపల్లి, ఇటు ముక్తేశ్వరం అని రాసి, ఏడు కొబ్బరి పిందెలు వరసగా పెట్టాను. ఓహెచ్‌కి అగ్గిపుల్లలు. కీటోన్ అయినచోట రెండేసి పుల్లలు పెట్టమన్నాను. ఆ పిల్ల రెండో కాయ దగ్గర పుల్లలు మార్చి, లేచి చుట్టూ తిరిగి కోటిపల్లి వైపు వెళ్ళి కూర్చుని లెక్కపెట్టింది. ఆమ్లం వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే లేచి ఇటొచ్చింది. మిగతావాళ్ళు కూడా అలాగే తిరిగారు.

ఆ పిల్ల నాన్న కల్లుగీత పని చేస్తాడు. ఇథనోల్, ఇథనేల్, ఇథనోయిక్ అని రాయగానే, “పొద్దున్న దించిన కల్లు తియ్యగా ఉంటదండీ, సాయంత్రానికి ఘాటెక్కుద్దండీ, లొట్టి అడుగున మిగిలింది రెండ్రోజులుంచితే ముక్కు దగ్గర పెట్టలేమండీ. ఇదేనాండీ?” అంది. అదేనన్నాను. తియ్యదనం పోయి ఇథనోల్ అయ్యేది ఈస్టు వల్ల, ఆ తర్వాత పుల్లనయ్యేది గాలి తగిలితే ఒక రకం బాక్టీరియా వల్ల అని చెప్పాను. డైక్రోమేట్ లేకుండా ఇథనోల్‌ని ఆమ్లం చేసేది అవే. నోట్సులో ఆ పాత లైను పక్కనే “ఇథనోల్ నుంచి ఇథనేల్, దాన్నుంచి ఇథనోయిక్ ఆమ్లం. నాన్న లొట్టి” అని రాసుకుంది.

ఒక్క డౌటు మిగిలింది మాస్టారూ. సైక్లోహెక్సైల్‌మిథనోల్‌ని (ఆరు కార్బన్ల వలయం, దానికి బయట ఒక కార్బన్, దాని మీద ఓహెచ్) పీసీసీతో చేస్తే ఏం పేరు? ఒకడు సైక్లోహెక్సనేల్ అన్నాడు. నాకు అది కాదనిపించింది కానీ కారణం చెప్పలేకపోయాను.

పాతల్యాబు

మీకు అనిపించిందే నిజం. ఏల్ అన్న తోకకి ఆల్డిహైడ్ కార్బన్ గొలుసులోనే ఒకటిగా లెక్కకి రావాలి. వలయంలోని కార్బన్ ఒకటి ఆల్డిహైడ్ కావాలంటే దానికి అప్పటికే రెండు పక్కలా వలయం కార్బన్లున్నాయి, ఆక్సిజన్‌తో జంట బంధం పెడితే హైడ్రోజన్‌కి చోటే ఉండదు. అది కీటోన్ అవుతుంది: సైక్లోహెక్సనోల్ నుంచి వచ్చే సైక్లోహెక్సనోన్ అదే. మీ అబ్బాయి చెప్పిన అణువులో ఆల్డిహైడ్ కార్బన్ వలయానికి బయట వేలాడుతోంది. వలయం ఆరు, అది ఏడోది. బయట వేలాడే ఆ కార్బన్‌ని కూడా తనలో కలుపుకున్న తోక ‘కార్బాల్డిహైడ్’. కాబట్టి సైక్లోహెక్సేన్‌కార్బాల్డిహైడ్. కార్బాల్డిహైడ్ హల్లుతో మొదలైంది కాబట్టి హెక్సేన్ అలాగే ఉంది చూడండి. డైక్రోమేట్‌తో ఆమ్లం దాకా పోతే సైక్లోహెక్సేన్‌కార్బాక్సిలిక్ ఆమ్లం.

ఆ అబ్బాయి చేత ఆరు పిందెలు గుండ్రంగా పెట్టించి, ఏడోదాన్ని బయట పెట్టించండి. ఆ తర్వాత బెంజైల్ ఆల్కహాల్ ఇవ్వండి. దాని ఆల్డిహైడ్ పేరు బెంజాల్డిహైడ్ అని, ఆమ్లం పేరు బెంజోయిక్ ఆమ్లం అని నియమాల్లోనే ఉంచేశారు, అవి అలాగే రాయాలి.